చామనఛాయ చర్మానికి, మొటిమల మచ్చలకు ఏ కెమికల్ పీల్ సరిపోతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. మీ వయసు 27. చామనఛాయ, కొంచెం జిడ్డు చర్మం. మొటిమలు మానిన చోట బుగ్గల మీద, గడ్డం చుట్టూ నల్లని మచ్చలు మిగిలిపోయాయి. కణతల దగ్గర చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. నెలకు నాలుగైదు కొత్త మొటిమలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఒకరు గ్లైకోలిక్ ఆసిడ్ పీల్ చేయించుకోమన్నారు, మరొకరు టీసీఏ అనే ఇంకో ఆసిడ్ అయితే ఒక్కసారితో పని అయిపోతుందన్నారు, మీరు స్వయంగా ఆన్‌లైన్‌లో 30 శాతం ఆసిడ్ సీసా ఒకటి చూసి పెట్టుకున్నారు. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది మీ సందేహం.

ముందుగా సూటిగా జవాబు చెబుతాను. మీరు వర్ణించిన చర్మానికి నేనైతే 20 నుంచి 30 శాతం శాలిసిలిక్ ఆసిడ్ పీల్‌తో మొదలుపెడతాను. మీ చర్మం తేలికగా ఎర్రబడి మండే స్వభావం గలదైతే దాని బదులు మాండెలిక్ ఆసిడ్ తీసుకుంటాను. రెండు మూడు వారాలకు ఒకటి చొప్పున నాలుగు నుంచి ఆరు సిట్టింగులు అవసరమవుతాయి. మొదటి సిట్టింగుకు ముందు కనీసం రెండు వారాలు, వీలైతే నాలుగు వారాలు చర్మాన్ని సిద్ధం చేసుకోవాలి. ముఖమంతటికీ టీసీఏ మీకు మొదటి ఎంపిక కాదు. ఆన్‌లైన్ సీసాను మాత్రం దయచేసి కొనవద్దు. గుంటల సంగతి పూర్తిగా వేరు, పైపైన చేసే ఏ పీల్‌తోనూ అవి పూడవు.

ఇక కారణాలు. చర్మవైద్యంలో 18 ఏళ్లుగా ఉన్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న ఏ ఆసిడ్ మంచిదని. నిజానికి అది మూడో ప్రశ్న. మచ్చ చర్మంలో ఎంత లోతున ఉంది అన్నది మొదటిది. మీ చర్మానికి ఇంతకుముందు దెబ్బ తగిలినప్పుడు, కాలినప్పుడు, దోమ కుట్టినప్పుడు అది ఎలా మానింది అన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు దొరికితే ఆసిడ్ ఏదన్నది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

పీల్ అంటే ఆసిడ్ పూసి కావాలని, కొలత ప్రకారం చేసే గాయం. ముఖం మీద పై చర్మం మందం సుమారుగా మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. ఆ పొరలోనే ఆగిపోయే పీల్‌ను పైపై పీల్ అంటాము. దాని కింద ఉండే లోపలి చర్మపు పై భాగం దాకా వెళ్లేది మధ్యస్థ పీల్, ఇంకా కిందికి దిగేది లోతైన పీల్. లోతు పెరిగే కొద్దీ ఫలితం పెరుగుతుందన్న మాట తెల్లని చర్మాల విషయంలో చాలావరకు నిజమే గాని, చామనఛాయ, నల్లని చర్మాల విషయంలో దానికి ఒక పెద్ద అడ్డు ఉంది. మన రంగును తయారుచేసే మెలనిన్ కణాలు వాపుకు, మంటకు చాలా త్వరగా స్పందిస్తాయి. మొటిమ మానిన చోట మీకు నల్ల మచ్చ మిగలడానికి కారణం ఆ స్పందనే. మొటిమ చేసిన గాయానికి అంతగా నల్లబడిన చర్మం, పీల్ చేసే గాయానికి మాత్రం నల్లబడకుండా ఉంటుందని ఆశించలేము. అందుచేత మీ వంటి చర్మంలో ప్రతి సిట్టింగులోనూ తక్కువ గాయం చేసి, ఎక్కువసార్లు చేయడమే సరైన పద్ధతి.

ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందన్న దాన్ని బట్టి చర్మాలను రకాలుగా విభజించే పద్ధతిని థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో ప్రతిపాదించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న ఆరు రకాలలో నాలుగు, అయిదు, ఆరు రకాలకు పీల్ తర్వాత నలుపు దిగే ప్రమాదం ఎక్కువ. మీది నాలుగో రకమో అయిదో రకమో అయి ఉంటుంది. అయితే ఈ అంకె కన్నా మీ పాత గాయాల చరిత్రనే నేను ఎక్కువగా నమ్ముతాను. రోగి చేతుల మీద, మోకాళ్ల మీద పాత దెబ్బల గుర్తులను చూడకుండా నేను ఏ పీల్‌నూ నిర్ణయించను.

మచ్చ లోతును కొంతవరకు మీరే ఇంట్లో గమనించవచ్చు. పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి చూడండి. అంచులు స్పష్టంగా ఉండి గోధుమ రంగులోనో ముదురు గోధుమ రంగులోనో కనిపించే మచ్చలు సాధారణంగా పై చర్మంలో ఉంటాయి, పీల్‌కు ఇవి బాగా లొంగుతాయి. అంచులు మసకగా ఉండి బూడిద రంగుకో నీలానికో తిరిగిన మచ్చలలో రంగు లోపలి చర్మంలోకి దిగి ఉంటుంది, వాటికి పైపై పీల్ చేసే మేలు చాలా తక్కువ. వేలితో నొక్కితే క్షణం పాటు మాయమై మళ్లీ కనిపించే ఎర్రని మచ్చలు రక్తనాళాలకు సంబంధించినవి, వాటికి పీల్ అసలు మందే కాదు. ఇక గుంటల కోసం దీపాన్ని ముఖానికి ఒక పక్కగా పెట్టి చూడండి. చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీసినప్పుడు చదునై పోయే గుంటలు ఒక రకం, ఎంత సాగదీసినా సూదితో పొడిచినట్టు అలాగే నిలిచే సన్నని గుంటలు మరో రకం. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివరలో అవసరమవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. రెండు బుగ్గల మీదా, నుదుటి మీదా, పై పెదవి మీదా ఒకే తీరుగా పరుచుకున్న మరక ఉంటే అది మొటిమల మచ్చ కాదు, మంగు. మంగుకు పీల్ కేవలం సహాయక చికిత్స. పూత మందులు, సన్‌స్క్రీన్ లేకుండా పీల్ ఒక్కటే చేసిన మంగు తిరిగి రావడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. ఒకావిడకు వేరే చోట వరుసగా ఆరు పీల్స్ చేశారు. మూడో పీల్ తర్వాత ముఖం తేటపడిందని సంతోషించారట, ఆరో పీల్ నాటికి మొదటి కన్నా ముదిరిన రంగుతో నా దగ్గరకు వచ్చారు. ఆరు నెలల కాలంలో ఆమెకు సన్‌స్క్రీన్ గురించి ఎవరూ ఒక్క మాట కూడా చెప్పలేదు. నేను చేసిన మొదటి పని పీల్స్ పూర్తిగా ఆపించడం.

శాలిసిలిక్ ఆసిడ్‌ను మీకు ఎందుకు సూచిస్తున్నానో కాస్త వివరంగా చెబుతాను. ఇది నూనెలో కరిగే స్వభావం గలది. అందువల్ల జిడ్డు నిండిన రంధ్రాల లోపలికి చేరి, అక్కడ పేరుకున్న మృతకణాల బిరడాను వదులు చేస్తుంది. గ్లైకోలిక్ వంటి నీటిలో కరిగే ఆసిడ్లు ఈ పని ఇంత బాగా చేయలేవు. వాపును తగ్గించే గుణం కూడా దీనికి ఉంది కనుక వస్తున్న మొటిమలు, మిగిలిన మచ్చలు రెండింటి మీదా ఒకేసారి పనిచేస్తుంది. కొత్త మొటిమలు ఆగకుండా పాత మచ్చలకు మాత్రమే చికిత్స చేయడం, చిల్లు పూడ్చకుండా కుండ నింపినట్టే. దీని మరో సుగుణం భద్రత. పూసిన ఒకటి రెండు నిమిషాలకు ద్రవం ఆరిపోయి ముఖం మీద తెల్లని పొడిలాగా స్ఫటికాలు ఏర్పడతాయి. ఆ తర్వాత ఆసిడ్ లోపలికి దిగడం దాదాపు ఆగిపోతుంది. మొదట్లో చురుక్కుమన్న మంట కూడా కాసేపటికి దానంతట అదే తగ్గి చర్మం కొద్దిగా తిమ్మిరెక్కుతుంది. మూడు నుంచి అయిదు నిమిషాల తర్వాత నీళ్లతో కడిగేస్తే సరిపోతుంది, విరుగుడు అక్కరలేదు. అయితే ఆస్పిరిన్ పడనివారికి, గర్భిణులకు ఇది చేయకూడదు. ముఖంతో పాటు వీపు, ఛాతీ వంటి పెద్ద భాగాలకు ఒకేసారి పూయడం కూడా తగదు, ఎందుకంటే రక్తంలోకి ఎక్కువగా చేరితే చెవుల్లో హోరు, తలతిప్పు, వికారం రావచ్చు.

గ్లైకోలిక్ చెడ్డదేమీ కాదు. పొడిబారిన, కాంతి తగ్గిన, జిడ్డు తక్కువగా ఉన్న చర్మానికి, పైపై నల్ల మచ్చలకు అది నాకు ఇష్టమైన పీల్. కానీ గ్లైకోలిక్, లాక్టిక్, మాండెలిక్ ఉన్న ఆసిడ్ల కుటుంబంలో అన్నిటికన్నా చిన్న అణువు గ్లైకోలిక్‌దే. దాని అణుభారం 76, లాక్టిక్‌ది 90, మాండెలిక్‌ది 152. చిన్న అణువు త్వరగా దిగుతుంది, ఒక్కోసారి అన్నిచోట్లా సమానంగా దిగదు. పైగా అది తనంతట తాను ఆగదు. గడియారం చూస్తూ, చర్మం ఎరుపెక్కే తీరును గమనిస్తూ, సరైన క్షణంలో సోడియం బైకార్బొనేట్ ద్రావణంతోనో పుష్కలంగా నీటితోనో ఆపాలి. ఒక నిమిషం ఆలస్యమైనా కొన్ని చోట్ల చర్మం లేచిపోతుంది. మొటిమ పగిలిన చోట, గీరుకున్న చోట ఇంకా లోతుగా దిగుతుంది. కొత్త మొటిమలు ఉన్న చామనఛాయ చర్మం మీద దాన్ని మొదటి పీల్‌గా నేను వాడకపోవడానికి కారణం ఇదే. మాండెలిక్ అణువు పెద్దది, నెమ్మదిగా దిగుతుంది, మంట తక్కువ. ఫలితం కూడా నెమ్మదే. లాక్టిక్ ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది, పొడి చర్మానికి నప్పుతుంది.

శాలిసిలిక్, లాక్టిక్, రిసార్సినాల్ మూడింటినీ కలిపి ఆల్కహాల్‌లో తయారుచేసే జెస్‌నర్ ద్రావణాన్ని, మొదటి మూడు సిట్టింగులకు చర్మం బాగా తట్టుకున్నదని తేలిన వారికి ఆ తర్వాతి మెట్టుగా వాడతాను. ఎన్ని పూతలు వేస్తామన్న దాన్ని బట్టి దాని లోతు పెరుగుతుంది కనుక, అలవాటు లేని చేతుల్లో అది మృదువైన పీల్ కాదు.

ఒక్కసారితో అయిపోతుందని మీకు చెప్పిన టీసీఏ, అంటే ట్రైక్లోరోఅసిటిక్ ఆసిడ్, చర్మంలోని ప్రొటీన్లను గడ్డకట్టిస్తుంది. చర్మం తెల్లబారడం ఆ గడ్డకట్టడానికి గుర్తు. ఎరుపు మీద అక్కడక్కడా తెలుపు కనిపిస్తే గాయం పైపైనే ఉందని, అంతా తెల్లబడి లోపలి ఎరుపు లీలగా కనిపిస్తే మధ్యస్థ స్థాయికి చేరిందని, సున్నం పూసినట్టు గట్టి తెలుపు వస్తే ఇంకా కిందికి దిగిందని అంచనా వేస్తాము. దీనికి విరుగుడు లేదు. తెలుపు కనిపించాక నీళ్లు పోసినా చల్లదనం కోసమే తప్ప జరిగిన గాయం వెనక్కి పోదు. 10 నుంచి 20 శాతం టీసీఏను చామనఛాయ మీద కూడా అనుభవం గలవారు జాగ్రత్తగా వాడతారు. 35 శాతంతో ముఖమంతా చేస్తే నలుపు దిగే అవకాశం చాలా ఎక్కువ, 50 శాతానికి వెళ్తే మచ్చకట్టే ప్రమాదమే ఉంది. ఫీనాల్‌తో చేసే లోతైన పీల్ మీకు సంబంధించినదే కాదు. అది రక్తంలో చేరి గుండె లయను దెబ్బతీయగలదు కాబట్టి గుండె పనితీరును కనిపెట్టే పరికరాల మధ్యనే చేస్తారు, నల్లని చర్మాలలో శాశ్వతంగా రంగు పోగొట్టే ప్రమాదమూ ఉంది.

సీసా మీది శాతాన్ని చూసి బలాన్ని అంచనా వేయవద్దు. పీల్ బలం నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది. అవి శాతం, పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, ఇది తగ్గే కొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది), ఎంతసేపు ఉంచామన్నది, ఎన్ని పూతలు వేశామన్నది. గ్లైకోలిక్‌నే తీసుకుంటే, పీహెచ్ 3.8 దగ్గర దానిలో సగం మాత్రమే పనిచేసే ఆసిడ్ రూపంలో ఉంటుంది. పీహెచ్ 2 కన్నా తగ్గితే దాదాపు అంతా ఆ రూపంలోనే ఉంటుంది. కాబట్టి ఒకే 30 శాతం పేరుతో వచ్చే రెండు సీసాలలో ఒకటి మృదువుగా పనిచేసి, రెండోది కాల్చవచ్చు. సౌందర్య సాధనాల భద్రతను సమీక్షించే అమెరికా నిపుణుల బృందం 1998లోనే, జనం సొంతంగా వాడే ఉత్పత్తులలో ఈ రకం ఆసిడ్లు 10 శాతానికి మించకూడదని, పీహెచ్ 3.5కు తగ్గకూడదని చెప్పింది. వైద్యుల పర్యవేక్షణ లేకుండా గాఢమైన పీల్స్ కొని వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2024 జులైలో వినియోగదారులను హెచ్చరించింది. మీరు చూసిన 30 శాతం సీసా ఆ 10 శాతం హద్దుకు మూడింతలు.

ఇలాంటి సీసా తెచ్చుకున్న ఒక యువకుడు మూడేళ్ల కిందట నా దగ్గరకు వచ్చాడు. అతను పూసుకున్నది 50 శాతం గ్లైకోలిక్. అంతకు ముందు రాత్రి రెటినాయిడ్ (విటమిన్ ఎ రకపు మందు) క్రీము రాసుకున్నాడు, ఆ రోజు ఉదయమే గడ్డం గీసుకున్నాడు. మంట పుడుతుంటే అది పనిచేస్తున్న గుర్తని అనుకుని ఏడు నిమిషాలు భరించాడు. దవడ అంచు వెంబడి చర్మం ఊడి, పక్కు కట్టి, తర్వాత బొగ్గు రంగు తిరిగింది. అది తిరిగి చర్మం రంగులో కలవడానికి పది నెలలు పట్టింది. అతను చేయించుకోవాలనుకున్న చికిత్సేమో నాలుగు చిన్న మచ్చలకు! ఆ పది నెలలూ అతను ఎవరికీ ఎదురుపడలేక పడిన బాధ చూశాను కాబట్టే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

నా వల్ల జరిగిన పొరపాటు కూడా ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు మొదట్లో ఒక అమ్మాయికి గ్లైకోలిక్ పీల్ చేశాను. ముందురోజే ఆమె కనుబొమలకు, పై పెదవికి త్రెడింగ్ చేయించుకున్న సంగతి నేను అడగలేదు, ఆమెకు చెప్పాలని తోచలేదు. సరిగ్గా దారం నడిచిన మేర తెల్లబడి, రెండు వారాలకు నల్లని గీత తేలింది. అది పోయింది గాని అయిదు నెలలు పట్టింది. అప్పటినుంచి పీల్ రోజున నేను అడిగే ప్రశ్నలను కాగితం మీద రాసి పెట్టుకుని ఒక్కొక్కటే అడుగుతాను. వారం రోజుల లోపు త్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్, స్క్రబ్ ఏదైనా జరిగి ఉంటే పీల్ వాయిదా వేస్తాను, ఎంత దూరం నుంచి వచ్చినా సరే.

మీరు వైద్యుడికి తప్పకుండా చెప్పవలసిన సంగతులు ఇవి. పెదవుల దగ్గర నీటి పొక్కులు వచ్చే హెర్పిస్ ఎప్పుడైనా వచ్చిందా, దెబ్బ తగిలిన చోట కండ పెరిగి గట్టిపడే కెలాయిడ్ స్వభావం ఉందా, ఆస్పిరిన్ పడదా, గర్భం దాల్చారా లేక ఆ ఆలోచనలో ఉన్నారా, ముఖం మీద ఇప్పుడు ఎక్జిమా గాని పుండు గాని ఉందా, ఇంటి దగ్గర ఏ క్రీములు రాస్తున్నారు. తెల్లబరుస్తాయని చెప్పి అమ్మే క్రీములలో స్టెరాయిడ్ కలిసి ఉండటం సాధారణం, దానితో పలచబడిన చర్మం మీద పీల్ చేస్తే కాలుతుంది. హెర్పిస్ చరిత్ర ఉంటే ముందునుంచే నివారణ మాత్రలు ఇస్తాము. మొటిమల కోసం ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతుంటే అవి ఆపాక ఆరు నెలలు ఆగాలని పూర్వం అందరికీ చెప్పేవాళ్లం. పైపై పీల్స్ విషయంలో అంత ఎదురుచూపుకు తగిన ఆధారం లేదని 2017లో నిపుణులు తేల్చారు. అయినా మాత్రల వల్ల పెదవులు పగిలి, చర్మం పొడిబారి ఉన్న దశలో నేను చేయను. మధ్యస్థ, లోతైన పీల్స్‌కు మాత్రం ఆగవలసిందే.

సిద్ధం చేసుకోవడం అంటే ఏమిటో కూడా చెబుతాను, ఎందుకంటే చాలా చోట్ల ఈ మెట్టును ఎగరగొట్టి నేరుగా పీల్ చేస్తారు. ఆ రెండు నాలుగు వారాలలో ప్రతి ఉదయం ఎస్‌పీఎఫ్ 30 లేక అంతకు మించిన సన్‌స్క్రీన్, రాత్రి వైద్యుడు సూచించిన తేలికపాటి రెటినాయిడ్ గాని, రంగు తయారీని తగ్గించే పూత గాని వాడాలి. దీనివల్ల పై పొర సమంగా పలచబడి ఆసిడ్ అన్నిచోట్లా ఒకేలా దిగుతుంది, మెలనిన్ కణాలు కాస్త శాంతిస్తాయి. అంతకన్నా ముఖ్యంగా, మీరు సన్‌స్క్రీన్‌ను రోజూ నిజంగా రాస్తారా లేదా అన్నది మీకూ నాకూ తెలుస్తుంది. రాయలేమని తేలినవారికి నేను పీల్ చేయను. రెటినాయిడ్‌ను పీల్‌కు వారం ముందు ఆపేయాలి. చెవి వెనక గాని, దవడ కింద గాని చిన్న చోట పరీక్షగా పూసి ఒకటి రెండు వారాలు గమనించడం మీ వంటి చర్మానికి చాలా మంచిది, ఎందుకంటే నలుపు మర్నాడే కనిపించదు.

పీల్ రోజున కంటి మూలలకు, ముక్కు పక్కలకు, పెదవి చివరలకు పెట్రోలియం జెల్లీ రాస్తారు. ఆ మడతల్లో ఆసిడ్ నిలిస్తే ఎక్కువగా కాలుతుంది. మంట ఎంత ఉందో నిజాయితీగా చెప్పండి, ఓర్చుకోవడం వల్ల ఫలితం ఏమీ పెరగదు. ఆ తర్వాత రెండు మూడు రోజులకు ముక్కు పక్కన, గడ్డం దగ్గర సన్నని పొలుసులు లేస్తాయి, అయిదారు రోజుల్లో పోతాయి. అసలు లేవకపోయినా పీల్ విఫలమైనట్టు కాదు. లేచిన పొలుసును గోటితో లాగవద్దు, నల్ల మచ్చకు అదే బీజం. వాసన లేని మాయిశ్చరైజర్, మెత్తని ఫేస్‌వాష్, సన్‌స్క్రీన్, ఎండలో టోపీ లేక గొడుగు, ఈ వారం రోజులకూ ఇవి చాలు. రెండో రోజు తర్వాత మంట పెరిగినా, నీటి బుడగలు లేచినా, పసుపు రంగు చీము గాని తేనె రంగు పక్కు గాని కనిపించినా, ఒకే చోట ఎరుపు వారం దాటి నిలిచినా ఫోను చేసి ఊరుకోకుండా నేరుగా వెళ్లి చూపించుకోండి. ఎరుపు దశలోనే మందు మొదలుపెడితే నలుపును చాలావరకు అడ్డుకోవచ్చు.

ప్రతి సిట్టింగుకూ ముందు ఒకే చోట, ఒకే వెలుతురులో ఫొటో తీయించుకోండి. మూడో సిట్టింగు తర్వాత మొదటి ఫొటోతో పోల్చి చూసినప్పుడు కొత్త మొటిమలు తగ్గి, మచ్చల రంగు కొంత తేలికపడి ఉండాలి. అలా లేకపోతే అదే పీల్‌ను ఇంకా ఎక్కువ శాతంతో చేయించుకోవడం కన్నా, మచ్చ లోతును మేము తప్పుగా అంచనా వేశామేమో, ఇంట్లో రాసే మందు చాలడం లేదేమో చూడమని అడగండి.

ఇక కణతల దగ్గరి గుంటలు. వాటికి చికిత్స కొత్త మొటిమలు పూర్తిగా అదుపులోకి వచ్చి కొన్ని నెలలు గడిచాక మొదలుపెట్టాలి. సాగదీసినా పోని సన్నని గుంటలకు ఒక పద్ధతి ఉంది. 65 నుంచి 100 శాతం టీసీఏను సన్నని పుల్ల కొనతో గుంట అడుగున మాత్రమే చుక్కగా అద్దుతారు. చుట్టూ ఉన్న చర్మానికి తగలదు కనుక చామనఛాయలో కూడా దీన్ని చేయగలం, కానీ ఇది పూర్తిగా చేతి నైపుణ్యం మీద ఆధారపడినది, చుక్క పక్కకు జారితే గుంట వెడల్పవుతుంది. సాగదీస్తే చదునయ్యే గుంటలకు అడుగున పట్టి ఉంచిన పోగులను సూదితో విడదీసే సబ్‌సిషన్, సన్నని సూదులతో చర్మంలో చిన్న చిన్న రంధ్రాలు చేసే మైక్రోనీడ్లింగ్ వంటివి పనికొస్తాయి. మీరు ముందుగా మొటిమలకు, నల్ల మచ్చలకు చికిత్స ముగించుకుని, అప్పుడు మిగిలిన గుంటలను పక్కవెలుతురులో మళ్లీ చూపించుకోండి. నలుపు పోయాక చాలామందికి తమ గుంటలు తాము అనుకున్నంత లోతుగా కనిపించవు, కొందరు ఆ చికిత్సే వద్దనుకుని అక్కడితో ఆగిపోతారు.